ముందు నానబెట్టడం నేర్చుకుందాం

ఇంట్లో మంచి కాఫీ చేసుకోవాలనుకునేవాళ్లు దాదాపు అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: ఏది కొనాలి? జల్లెడతో నొక్కే ఫ్రెంచ్ ప్రెస్సా, పొయ్యి మీద పెట్టే మోకా పాటా, వీ60 లాంటి గరాటు డ్రిప్పరా, లేక ఖర్చు ఎక్కువైనా సరే, పీడనంతో కాఫీ తీసే ఎస్‌ప్రెస్సో మెషినే తీసేసుకోవాలా? నేను చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే. ఇప్పుడే ఏదీ కొనొద్దు. ఇంట్లో ఉన్న గాజు గ్లాసు, ఒక చెంచా, ఒక సన్న జాలీ చాలు. కాస్త బరకగా ఆడించిన పొడి మీద వేడినీళ్లు పోసి, కదపకుండా వదిలేసి, పైనుంచి తేర్చుకుని తాగండి. కొన్నాళ్లు అలాగే చేయండి. అప్పటికీ ఏదో కొనాలనిపిస్తే ముందు మంచి గ్రైండర్ కొనండి. పరికరం సంగతి ఆ తర్వాత.

డబ్బు మిగులుతుందని ఈ మాట అనడం లేదు. కాఫీ అంటే ఏమిటో, మనకి ఎలాంటి కాఫీ ఇష్టమో తెలుసుకోవడానికి నానబెట్టడం కన్నా సూటి దారి లేదని నా గట్టి నమ్మకం. మిగతా పద్ధతులన్నీ దీని తర్వాత నేర్చుకుంటే సులువుగా వస్తాయి. ముందే మొదలుపెడితే, కప్పులో తేడా ఎందుకొచ్చిందో తెలియక ఒక పరికరం పక్కన పడేసి ఇంకోటి కొనుక్కుంటూ పోతాం.

కాఫీ చేసే పద్ధతులు పేర్లకి బోలెడు. పనిని బట్టి చూస్తే మాత్రం రెండే కుటుంబాలు. పొడినీ నీళ్లనీ ఒకచోట కలిపి కొంతసేపు ఉంచడం మొదటిది. గ్లాసులో నానబెట్టడం, ఫ్రెంచ్ ప్రెస్, టర్కిష్ కాఫీ, రాత్రంతా చల్లటి నీళ్లలో వదిలేసే కోల్డ్ బ్రూ ఇందులోకి వస్తాయి. పొడిని ఒక పొరలా పేర్చి, దాని గుండా నీళ్లు పోనివ్వడం రెండోది. కాగితం వేసిన డ్రిప్పర్లు, రెండు అంతస్తుల స్టీలు ఫిల్టరు, మోకా పాట్, ఎస్‌ప్రెస్సో అన్నీ ఈ జాతివే. కొన్ని మధ్యస్తంగా ఉంటాయి. ఏరోప్రెస్ ముందు నానబెట్టి తర్వాత కాగితం గుండా తోస్తుంది.

ఈ రెంటికీ తేడా అర్థం కావాలంటే నీళ్లు కాఫీ గింజని ఏం చేస్తాయో కొంచెం చూడాలి. వేయించిన గింజ బరువులో నీటికి కరిగేది సుమారు 30 శాతం. మిగతాది కరగని పీచు, అదే పిప్పిగా మిగిలిపోతుంది. అయితే కరిగేదంతా మనకి పనికిరాదు. స్థూలంగా చెప్పాలంటే పులుపునిచ్చే ఆమ్లాలు, కెఫీన్ తొందరగా దిగిపోతాయి. తీపి, నిండుదనం ఆ వెనక వస్తాయి. నాలుకని పట్టుకుని వదలని చేదు, వగరు బాగా ఆలస్యంగా దిగుతాయి. తక్కువ దిగితే కాఫీ పుల్లగా, డొల్లగా ఉంటుంది. మరీ ఎక్కువ దిగితే చేదెక్కి గొంతు ఆరిపోయినట్టుంటుంది. 1950ల్లో అమెరికాలో ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని లెక్కల్లో పెట్టాడు. పొడి బరువులో 18 నుంచి 22 శాతం నీళ్లలోకి దిగినప్పుడు ఎక్కువమందికి నచ్చుతుందని ఆయన గీసిన పటం ఇప్పటికీ వాడుకలో ఉంది. ప్రతి నాలుకా ఆ గీతల మధ్యే ఉండాలని నేననను. కానీ అది లేకపోతే కాఫీ గురించి మాట్లాడుకోవడానికి ఒక కొలత ఉండేది కాదు.

ఆ పటంలో రెండు వేర్వేరు కొలతలు ఉన్నాయి. మనలో చాలామంది వాటిని ఒకటిగా కలిపేస్తాం. ఒకటి చిక్కదనం, అంటే కప్పులో ఉన్న ద్రవంలో కాఫీ ఎంత శాతం అని. రెండోది దిగుబడి, అంటే వేసిన పొడిలోంచి ఎంత శాతం బయటికొచ్చింది అని. ఒక లెక్క చూద్దాం. 15 గ్రాముల పొడికి 250 గ్రాముల నీళ్లు పోశాం. పొడి దాదాపు తన బరువుకి రెట్టింపు నీళ్లు పట్టేసుకుంటుంది కాబట్టి కప్పులోకి 220 గ్రాములు వస్తాయి. అందులో కరిగి ఉన్నది 3 గ్రాములు అనుకుంటే, చిక్కదనం 1.3, 1.4 శాతం మధ్య ఎక్కడో ఉంటుంది. దిగుబడి 15లో 3, అంటే 20 శాతం. ఇప్పుడు ఆ కప్పులో ఇంకో 100 గ్రాముల వేడినీళ్లు కలపండి. కాఫీ పలచబడింది, చిక్కదనం పడిపోయింది. దిగుబడి మాత్రం అదే 20 శాతం. పొడిలోంచి అంతకు ముందు ఏం వచ్చిందో అదే ఉంది.

"కాఫీ స్ట్రాంగ్‌గా లేదు" అని ఎవరైనా అంటే నాకు వెంటనే అడగాలనిపించేది ఇదే: పలచగా ఉందా, డొల్లగా ఉందా? పలచగా ఉంటే పొడి పెంచాలి. డొల్లగా ఉంటే ఇంకా మెత్తగా ఆడించాలి, లేదా ఇంకాసేపు ఉంచాలి. ఈ తేడా తెలియక డొల్లగా ఉన్న కాఫీకి పొడి మీద పొడి వేస్తూ పోతే చిక్కగా, పుల్లగా, ఇంకా అసహ్యంగా తయారవుతుంది. అలాగే చేదుగా ఉంటేనే స్ట్రాంగ్ అనుకునేవాళ్లు, ఎక్కువసేపు మరిగించి మంచి గింజల్ని పాడుచేస్తున్నారు.

ఇక్కడే నానబెట్టడం గొప్పతనం తెలుస్తుంది. నీళ్లలో కాఫీ ఏమీ లేనప్పుడు పొడిలోంచి గబగబా దిగుతుంది. నీళ్లు చిక్కబడే కొద్దీ దిగడం నెమ్మదిస్తుంది. ఒక దశకి వచ్చాక రేణువు లోపలా బయటా సమానమైపోయి, దాదాపు ఆగిపోతుంది. పోసిన నీళ్లు తప్ప కొత్త నీళ్లు రావు కాబట్టి ఆ నీళ్లే హద్దు గీస్తాయి. 2021లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలోని పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు. పూర్తిగా నాననిస్తే, పొడికీ నీళ్లకీ ఉన్న పాళ్లు మారినప్పుడు చిక్కదనం బాగా మారుతుంది గానీ దిగుబడి పెద్దగా మారదు. అంటే నానబెట్టేవాళ్లకి చిక్కదనం పూర్తిగా తమ చేతిలో ఉన్నట్టే. కాస్త ఎక్కువసేపు వదిలేసినా కొంపలేం మునగవు. ఫోన్ వస్తే మాట్లాడి రావచ్చు.

నీళ్లు పోయే పద్ధతుల్లో ఈ హద్దు లేదు. పైనుంచి కొత్త నీళ్లు వస్తూనే ఉంటాయి, పొడిలో ఉన్నదాన్ని తోడుకుంటూనే ఉంటాయి. ఎంత వేగంగా పోశారు, ఎంత ఎత్తు నుంచి పోశారు, పొడి సమానంగా పరుచుకుందా, నీళ్లు ఒక పక్కన దారి చేసుకుని మిగతా పొడిని తడిపీ తడపకుండా వెళ్లిపోయాయా, ఇవన్నీ రుచిని మార్చేస్తాయి. మొదటిసారి చేసేవాళ్లకి ఇన్ని సంగతులు ఒకేసారి మారుతుంటే ఏది దేనివల్ల జరిగిందో ఎలా తెలుస్తుంది?

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. నా దృష్టిలో అన్నిటికన్నా బలమైనది. ప్రపంచమంతటా కాఫీ కొనేవాళ్లు, రుచి చూసి మార్కులు వేసేవాళ్లు, ఏ తోట గింజలకి ఎంత విలువో తేల్చేవాళ్లు తమ బల్ల మీద ఎస్‌ప్రెస్సో మెషిన్ పెట్టుకోరు. డ్రిప్పర్ కూడా పెట్టుకోరు. వాళ్లు చేసేది కప్పింగ్. వరసగా గిన్నెలు పెట్టి, ఒక్కోదాంట్లో 150 మిల్లీలీటర్ల నీళ్లకి 8.25 గ్రాముల చొప్పున పొడి వేసి, వేడినీళ్లు పోసి వదిలేస్తారు. నాలుగు నిమిషాలకి పైన తేలిన తెట్టుని చెంచాతో విరిచి వాసన చూస్తారు, నురగ తీసేస్తారు, కొంచెం చల్లారాక చెంచాతో జుర్రుతారు. వాళ్ల నిర్ణయం మీద రైతు అందుకునే డబ్బు ఆధారపడి ఉంటుంది. అంత బరువున్న పనికి వాళ్లు ఎంచుకున్నది గిన్నె, చెంచా. పోసేవాడి చేతి నైపుణ్యం మధ్యలో అడ్డం రాకుండా గింజ తన రుచి తాను చెప్పేది ఈ పద్ధతిలోనే.

ఇంట్లో నేను చేసే విధానం దాన్నించి వచ్చిందే. లీటరు నీళ్లకి 60 గ్రాముల లెక్కన, 250 గ్రాములకి 15 గ్రాముల పొడి. వంటింటి తక్కెడ ఉంటే సరిగ్గా కుదురుతుంది. చెంచాలతో కొలిస్తే ఒక రకం గింజల పొడికీ ఇంకో రకానికీ బరువు తేడా వచ్చేస్తుంది, కాబట్టి తక్కెడని నేను గ్రైండర్ తర్వాత రెండో స్థానంలో పెడతాను. నీళ్లు మరిగిన వెంటనే పోసేస్తాను. గ్లాసు, పొడి కలిసి కొంత వేడిని లాగేస్తాయి, కాబట్టి మాడిపోతుందన్న భయం అక్కర్లేదు. నాలుగు నిమిషాలయ్యాక చెంచాతో పైతెట్టుని మెల్లగా కలిపితే పొడి చాలావరకు అడుక్కి దిగిపోతుంది. పైన మిగిలిన నురగని చెంచాతో తీసేయాలి. చాలామంది ఇక్కడే కప్పులోకి పోసేసుకుంటారు. ఇంకో అయిదు నిమిషాలు ఆగండి. ఆ అయిదు నిమిషాల్లో సన్నటి మడ్డి కూడా అడుగు చేరుతుంది, వేడి కూడా తాగగలిగే స్థాయికి తగ్గుతుంది. తర్వాత అడుగు కదలకుండా, జాలీ మీంచి మెల్లగా వంపుకుంటే కప్పు తేటగా ఉంటుంది.

ఫ్రెంచ్ ప్రెస్ ఉన్నవాళ్లు ఇదంతా అందులోనే చేయొచ్చు. పొడిని జల్లెడతో కిందికి నొక్కే పాత్రకి ఫ్రాన్స్‌లో మాయర్, డెల్ఫోర్జ్ అనే ఇద్దరు 1852లోనే పేటెంట్ తీసుకున్నారు. ఇప్పుడు మనం చూసే రూపానికి దగ్గరిదానికి 1929లో ఇటలీకి చెందిన ఆత్తిలియో కాలిమాని పేటెంట్ పొందాడు. నొక్కడం కోసమే పుట్టిన ఆ పాత్రలో నా సలహా నొక్కొద్దనే. జల్లెడని కాఫీ ఉపరితలం దాకా దించి, వడకట్టులా వాడుకుని పోసుకోండి. అడుగు దాకా నొక్కితే కిందికి దిగిన మడ్డి మళ్లీ లేస్తుంది. ఫ్రెంచ్ ప్రెస్ కాఫీ బురదగా ఉంటుందని దూరం పెట్టినవాళ్లలో చాలామంది తాగింది ఆ లేచిన మడ్డినే.

ఇక నానబెట్టడం మీద ఉన్న అభ్యంతరాలు. వాటిలో కొన్ని నిజమైనవే, దాటేయడం నాకిష్టం లేదు.

మొదటిది ఆరోగ్యానికి సంబంధించింది. కాఫీ నూనెలో కాఫెస్టాల్, కహ్వియోల్ అనే పదార్థాలు ఉంటాయి. ఇవి రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ని పెంచుతాయని పరిశోధనల్లో స్పష్టంగా తేలింది. కాగితం వీటిని చాలావరకు పట్టేస్తుంది, లోహపు జల్లెడ పట్టదు. రోజుకి చాలా కప్పులు తాగేవాళ్లు, కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లు నానబెట్టిన కాఫీని చివర్లో ఫిల్టర్ కాగితం మీంచి వడగట్టుకోవాలి. పనీ పెద్దది కాదు. అడుగున మూసి తెరిచే వాల్వ్ ఉన్న డ్రిప్పర్లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. మూసి ఉంచినంతసేపూ నానుతుంది, తెరవగానే కాగితం గుండా దిగుతుంది. ఎవరైనా పట్టుబట్టి ఒక్క పరికరం పేరు చెప్పమంటే నేను చెప్పేది ఇలాంటిదే. 2005లో ఆలన్ అడ్లర్ తెచ్చిన ఏరోప్రెస్ కూడా దాదాపు ఇదే పని చేస్తుంది, కాకపోతే చేత్తో తోయాలి. గాల్లో చాలా దూరం ఎగిరే బొమ్మ చక్రాలు తయారుచేసిన ఇంజనీరు ఆయన. తన ఒక్క కప్పు కాఫీ చేదు లేకుండా రావాలని మొదలుపెట్టిన పని అది. ప్రయాణాలకి దాన్ని మించింది లేదు.

రెండో అభ్యంతరం పాలు కలుపుకునేవాళ్లది. పాలల్లో కలిపినా నిలబడే చిక్కటి డికాక్షన్ గ్లాసులో నానబెడితే వస్తుందా? వస్తుంది. 30 గ్రాముల పొడికి 180 గ్రాముల నీళ్లు పోసి పదినిమిషాలు ఆగితే 120 గ్రాముల దాకా చిక్కటి డికాక్షన్ దిగుతుంది. అయితే ఇక్కడ నష్టం ఉందని ఒప్పుకుని తీరాలి. పొడి పట్టేసుకున్న ఆ 60 గ్రాముల నీళ్లలో కూడా అంతే చిక్కటి కాఫీ ఉంది, అదంతా పిప్పితోపాటు పోతుంది. పాళ్లు చిక్కబడే కొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. స్టీలు ఫిల్టరు గెలిచేది ఇక్కడే. పైనుంచి నెమ్మదిగా దిగే నీళ్లు పొడిలో ఉన్న కాఫీని ముందుకి తోస్తూ కిందికి తెస్తాయి, చివరికి పొడిలో మిగిలేది పలచటి నీళ్లు. తక్కువ నీళ్లతో ఎక్కువ కాఫీ దిగుతుంది. రోజూ పాలతోనే తాగే ఇంట్లో స్టీలు ఫిల్టరుని తీసేయమని నేను ఎప్పుడూ చెప్పను.

నీళ్లు పోయే పద్ధతులన్నిటిలో నాకు దాని మీద గౌరవం కూడా ఎక్కువ. దానికి కారణం దాని నెమ్మదితనం. పొడిని బిళ్లతో మెల్లగా అదిమి, ఒక్కసారే నీళ్లు పోసి మూత పెట్టేస్తాం. అక్కడితో మన చెయ్యి తప్పుకుంటుంది. మిగతా పని బరువు చూసుకుంటుంది, రంధ్రాలు చూసుకుంటాయి. గట్టిగా అదిమితే దిగదు, వదులుగా వదిలితే నీళ్లలా కారిపోతుంది. ఆ రెంటి మధ్యా కుదిరిన పొడిని కుదిరినట్టే ఉంచుకుంటే ప్రతి ఉదయం అదే రుచి. చికోరీ కలిపిన పొడి గురించి ఒక్క మాట. చికోరీలో కెఫీన్ లేదు, దానికి కరిగే గుణం కాఫీ కన్నా ఎక్కువ. అందుకే డికాక్షన్ నల్లగా, చిక్కగా కనిపిస్తుంది. ఇష్టమైనవాళ్లు నిక్షేపంగా వాడుకోవచ్చు. కాని ఆ చిక్కదనం గింజలది కాదని తెలిసి ఉండాలి.

కాగితపు డ్రిప్పర్ల అభిమానులు చెప్పేది తేటదనం గురించి. అది నిజం, నేను కాదనను. 1908లో డ్రెస్‌డెన్‌లో మెలిటా బెంట్స్ అనే గృహిణి ఇత్తడి గిన్నెకి మేకుతో చిల్లులు పొడిచి, తన కొడుకు నోటుపుస్తకంలోని సిరా అద్దుడు కాగితం వేసి వడగట్టింది. మడ్డి, చేదు లేని కాఫీ ఆమెకి కావాల్సింది. ఆ కాగితం ఇప్పటికీ అదే పని చేస్తోంది. 1941లో పీటర్ ష్లుంబోమ్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాల గాజు గరాటునీ ఫ్లాస్కునీ కలిపినట్టుండే కెమెక్స్ తయారుచేశాడు. దాని మందపాటి కాగితం గుండా వచ్చిన కాఫీ చూడ్డానికి పలచటి టీలా ఉంటుంది. తేలికగా వేయించిన గింజల్లో ఉండే పూల వాసన, పండ్ల పులుపు అందులో తెలిసినంత విడివిడిగా ఇంకెక్కడా తెలియవు. అలాంటి గింజలు కొనే అలవాటు ఉన్నవాళ్లు డ్రిప్పర్ నేర్చుకోవాల్సిందే. ముందు పొడి బరువుకి రెట్టింపో మూడింతలో నీళ్లు పోసి అరనిమిషం, ముప్పావు నిమిషం ఆగాలి. తాజా గింజల్లో చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోతుంది, పొడి సమానంగా తడుస్తుంది. ఆ తర్వాత మూడు, మూడున్నర నిమిషాల్లో మొత్తం దిగేలా చూసుకోవాలి. ఎంతసేపట్లో దిగిందన్నదే పొడి ఎలా ఉందో చెబుతుంది. రెండు నిమిషాల్లోనే దిగిపోతే పొడి బరక, అయిదు దాటితే మరీ మెత్తన.

మోకా పాట్ గురించి నాకు చెప్పడానికి ఎక్కువ లేదు. 1933లో ఇటలీలో అల్ఫోన్సో బియలెట్టి పేరుతో బయటికొచ్చిన ఈ అల్యూమినియం పాత్ర చవకగా చిక్కటి కాఫీ ఇస్తుంది. పీడనం వాతావరణ పీడనానికి ఒకటి రెండు రెట్లే కాబట్టి దీన్ని ఎస్‌ప్రెస్సోతో పోల్చకూడదు. మంట చిన్నది పెట్టి, గుడగుడ చప్పుడు మొదలవగానే దించేస్తే బాగుంటుంది. ఆ చప్పుడు తర్వాత వచ్చేదంతా ఆవిరి తోసుకొచ్చిన చేదే.

ఎస్‌ప్రెస్సో దగ్గర మాత్రం ఆగి మాట్లాడాలి. ఇంట్లో కాఫీ అనగానే ఎక్కువమంది కలగనేది దాని గురించే. ఆ కలే వాళ్లని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఈ యంత్రం ఎందుకు పుట్టిందో చూడండి. 1884లో తూరిన్‌లో ఆంజెలో మోరియోండో ఆవిరితో కాఫీ చేసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. 1901లో మిలాన్‌లో లుయిజి బెజ్జెరా దాన్ని ఒక్కో కప్పుగా చేసే యంత్రంగా మార్చాడు. కౌంటర్ ముందు నిలబడ్డ మనిషికి అడిగిన వెంటనే, అతని కోసమే చేసిన కప్పు చేతిలో పెట్టాలన్నదే అసలు ఉద్దేశం. 1948లో అకిలే గాజియా మీటతో నడిచే యంత్రాలు తెచ్చాక పీడనం పెరిగి, కాఫీ పైన ఇప్పుడు అందరూ వెతికే ఆ గోధుమరంగు నురగ మొదలైంది. 1961లో వచ్చిన ఫాయెమా ఈ61లో ఆ పని విద్యుత్ పంపు చేసింది. వాతావరణ పీడనానికి తొమ్మిది రెట్లు, 18 గ్రాముల పొడి, 36 గ్రాముల కాఫీ, పాతిక ముప్పై సెకన్లు. ఈ లెక్కలన్నీ రోజంతా ఆగకుండా కాఫీ అమ్మే చోట, పొద్దున్నే గ్రైండర్ సరిచేసుకుని అదే గింజలతో వందల కప్పులు తీసే మనిషి చేతిలో కుదిరే లెక్కలు. ఇంట్లో క్యూ లేదు. మెషిన్ పూర్తిగా వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది. రెండు కప్పుల కోసం అంత ఏర్పాటు చేసి, గ్రైండ్ కుదరక మొదటి కప్పు పారబోస్తే, వేగం కోసం పుట్టిన యంత్రం అన్నిటికన్నా ఆలస్యపు పద్ధతి అయిపోతుంది.

పైగా అందులో తప్పు ఎక్కడుందో తెలుసుకోవడం కూడా కష్టం. పుల్లగా వచ్చిందంటే ఇంకా మెత్తగా ఆడించమని చెబుతారు. అయితే 2020లో ఆరిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రసాయన శాస్త్రవేత్త క్రిస్టఫర్ హెండన్, కొందరు గణిత శాస్త్రజ్ఞులు కలిసి చూపించింది ఏమిటంటే, ఒక హద్దు దాటి మెత్తగా ఆడిస్తే పొడి అక్కడక్కడా దిమ్మకట్టి, నీళ్లు సమానంగా పోక, దిగుబడి తగ్గిపోతుంది. కాస్త బరకగా, తక్కువ పొడితో చేస్తేనే కప్పు కప్పుకీ ఒకేలా వస్తుందని వాళ్ల సూచన. మెషిన్ల మధ్య బతికేవాళ్లకే ఇది కొత్త సంగతి అయితే, నిన్న కొత్తగా కొన్నవాళ్ల పరిస్థితి ఏమిటి? ఎస్‌ప్రెస్సో అంటే నాకు ఇష్టం. మంచి ఎస్‌ప్రెస్సోలో ఉండే తేనెలాంటి చిక్కదనం ఇంకే పద్ధతిలోనూ రాదు. బాగా చేసే చోటికి వెళ్లి తాగుతాను. ఇంట్లో అది ఒక హాబీగా, రోజూ సమయం పెట్టి నేర్చుకునే విద్యగా కావాలనుకునేవాళ్లు నిరభ్యంతరంగా కొనుక్కోవాలి. పొద్దున్నే ఒక మంచి కప్పు కావాలనుకునేవాళ్లకి మాత్రం అది సరైన మొదలు కాదు.

ఆ డబ్బులో చిన్న భాగంతో వచ్చే మంచి చేతి గ్రైండర్ మాత్రం ఏ పద్ధతినైనా మార్చేస్తుంది. మిక్సీ బ్లేడు గింజల్ని నరుకుతుంది. కొన్ని ముక్కలు పెద్దగా మిగులుతాయి, కొన్ని దుమ్మైపోతాయి. దుమ్ములోంచి చేదు దిగుతుంటే పెద్ద ముక్కల్లోంచి పులుపే ఇంకా దిగుతుంటుంది. ఒకే కప్పులో రెండు లోపాలూ కలిసి వస్తే ఏ సలహా పనిచేయదు. నేను చెప్పే చేతి గ్రైండర్ బర్ గ్రైండర్. అందులో రెండు పళ్ల చక్రాల మధ్య ఎంత సందు ఉంచామో అంత సైజుకి తగ్గేదాకా రేణువు బయటికి రాదు. అన్నీ దాదాపు ఒకే సైజు కాబట్టి, ఒక గీత మెత్తగా తిప్పితే కప్పులో ఒక గీత మార్పు తెలుస్తుంది. ఆడించే ముందు గింజల మీద రెండు చుక్కల నీళ్లు చల్లి కలపండి. స్థిర విద్యుత్తు తగ్గి పొడి గోడలకి అంటుకోకుండా వస్తుంది. హెండన్ బృందం 2023లో దీని మీద కూడా పనిచేసి, ఇది ఉత్త ఇంటి చిట్కా కాదని నిరూపించింది. పొడి కొనుక్కోవడం కన్నా గింజలు కొనడం మేలు అనడానికి కారణం కూడా గ్రైండర్‌తోనే ముడిపడి ఉంది. ఆడించిన క్షణం నుంచి గాలి తగిలే ఉపరితలం ఎన్నో రెట్లు పెరిగి, వాసన పోవడం మొదలవుతుంది.

నీళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ కప్పులో 98 శాతం పైన అవే. బాగా కఠినమైన, బైకార్బోనేట్లు ఎక్కువున్న నీళ్లలో కాఫీ పులుపంతా అణిగిపోయి సుద్దలా చప్పగా ఉంటుంది. ఖనిజాలన్నీ తీసేసిన ఆర్ఓ నీళ్లలో పదునుగా, ఉత్త పుల్లగా అనిపిస్తుంది. కాఫీ నచ్చకపోతే గింజల్ని తిట్టే ముందు ఒకసారి మామూలు ఖనిజాలున్న సీసా నీళ్లతో చేసి చూడండి. దీంతో పోలిస్తే వేడి గురించి పడే టెన్షన్ అనవసరం. ముందు చెప్పిన డేవిస్ ప్రాంగణంలోనే 2020లో 87, 90, 93 డిగ్రీల నీళ్లతో డ్రిప్ కాఫీ చేసి, చిక్కదనం, దిగుబడి సమానంగా ఉండేలా చూసి రుచి చూపించారు. తేడా చాలా తక్కువగా కనిపించింది. బాగా నల్లగా వేయించిన గింజలకి మరిగాక ఒక నిమిషం ఆగి పోయండి. తేలికపాటి వేపుడైతే మరుగుతున్నవే పోయండి. థర్మామీటర్ లేకపోయినా ఫరవాలేదు.

కోల్డ్ బ్రూ కూడా నానబెట్టడమే, కాకపోతే చల్లటి నీళ్లలో 12 నుంచి 18 గంటలు, ఫ్రిజ్‌లో. దానిలో పులుపు తక్కువ, కడుపుకి మంచిదని ప్రచారం. 2018లో నైనీ రావ్, మేగన్ ఫుల్లర్ కొలిచి చూస్తే పీహెచ్ వేడి కాఫీకీ దానికీ దాదాపు ఒకటే. వేడి కాఫీలో మొత్తం ఆమ్లాల పాలు మాత్రం ఎక్కువగా ఉంది, అందుకే నాలుకకి తేడా తెలుస్తుంది. చల్లగా, మెత్తగా, సువాసన కాస్త తక్కువగా కావాలంటే చేసుకోండి. సువాసన కూడా కావాలంటే చిక్కగా వేడిగా చేసి, ఐసు గడ్డల మీద నేరుగా పోయడమే మంచి పద్ధతి. కరిగే ఐసుని కూడా నీళ్ల లెక్కలో కలుపుకోవాలి.

గ్రైండర్ వచ్చాక మొదటి ఆదివారం ఒక పని చేయండి. ఒకే గింజలు, మూడు గ్లాసులు, మూడింటిలోనూ 15 గ్రాముల పొడి, 250 గ్రాముల నీళ్లు. ఒకటి బరక, ఒకటి మధ్యస్తం, ఒకటి ఉప్పుపొడి అంత సన్నం. మిగతాదేదీ మార్చొద్దు. తొమ్మిది నిమిషాలకి మూడింటినీ చెంచాతో రుచి చూడండి, చల్లారుతుంటే మళ్లీ చూడండి. వేడిగా ఉన్నప్పుడు దాక్కున్న పులుపు, చేదు గోరువెచ్చగా అయ్యాక బయటపడతాయి. ఇంట్లోవాళ్లని కూడా పిలిచి, ఏది ఏదో చెప్పకుండా తాగించండి. ఎవరికి ఏది నచ్చిందో రాసిపెట్టుకోండి. బరకది నచ్చి ఇంకా తేటగా ఉంటే బాగుండుననిపిస్తే మీకు కావాల్సింది కాగితం, డ్రిప్పర్. సన్నది నచ్చి ఇంకా చిక్కగా కావాలనిపిస్తే స్టీలు ఫిల్టరో, మోకా పాటో చూడండి. మధ్యది అందరికీ నచ్చితే ఇక కొనాల్సింది గింజలే.